బ్లడ్ బ్యాంకు వెనక గదిలో పుట్టిన పాట

అర్ధరాత్రి తలుపు చప్పుడైంది.

1964వ సంవత్సరం. అమెరికా దక్షిణాదిన, మిసిసిపి నది ఒడ్డున ఉన్న మెంఫిస్ నగరం. క్వింటన్ క్లాంచ్ లేచి వచ్చి తలుపు తీశాడు. నలభై దాటిన తెల్లాయన. పగలంతా హార్డ్‌వేర్ సామాను అమ్మే సేల్స్‌మన్ ఉద్యోగం, మిగిలిన వేళల్లో పాటల పిచ్చి. గుమ్మంలో ముగ్గురు నల్లజాతి యువకులు నిలబడి ఉన్నారు. వాళ్ల దగ్గర ఒక టేప్ రికార్డర్ ఉంది.

ఆ ఊళ్లో, ఆ రోజుల్లో, ఆ వేళప్పుడు తెల్లవాడి తలుపు తట్టడానికి ఎంత తెగింపు కావాలో ఊహించుకోండి. పౌరహక్కుల చట్టం మీద అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టింది ఆ ఏడాదే. నాలుగేళ్ల తర్వాత మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది ఆ ఊళ్లోనే. తలుపు మొహాన వేసినా, పోలీసుల్ని పిలిచినా అడిగే దిక్కు లేదు. క్లాంచ్ ఆ రెండూ చేయలేదు. లోపలికి రమ్మన్నాడు. నలుగురూ ముందుగదిలో నేలమీదే కూర్చున్నారు. టేపు తిరగడం మొదలైంది.

ఆ టేపులో రెండు గొంతులున్నాయి. ఒకటి ఓ.వి. రైట్‌ది, రెండోది జేమ్స్ కార్‌ది. ఇద్దరూ చర్చిలో దేవుడి పాటలు పాడుతూ పెరిగినవాళ్లు. సోల్ సంగీతం అంటేనే అది. ఆదివారం పూట ప్రభువును పిలిచిన గొంతుతోనే శనివారం రాత్రి ప్రియురాలిని పిలవడం. అరవై ఏళ్లు గడిచాక కూడా ఆ రెండు గొంతుల కోసం ఇంగ్లండులో, జపాన్‌లో మనుషులు పాత రికార్డులు వెతుకుతూనే ఉన్నారు. కానీ ఈ కథలో నా మనసు పట్టుకున్నది ఆ ఇద్దరూ కాదు. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన మూడో మనిషి, రూజ్‌వెల్ట్ జేమిసన్.

జేమిసన్ ఉద్యోగం బ్లడ్ బ్యాంకులో. మెంఫిస్ నల్లజాతి వాళ్ల సంగీతానికి గుండెకాయ లాంటి బీల్ స్ట్రీట్ ఆ దగ్గర్లోనే. డబ్బు అవసరమై రక్తం అమ్ముకోవడానికి వచ్చే పేదవాళ్ల మధ్య అతని పగళ్లు గడిచేవి. పని అయ్యాక వెనక గదిలోకి గాయకుల్ని రానిచ్చేవాడు. వాళ్లు అక్కడ సాధన చేసుకునేవారు. హార్మనీ ఎకోస్ అనే చర్చి బృందం వ్యవహారాలు కూడా తనే చూసేవాడు. డబ్బున్నవాడు కాదు, సంగీత వ్యాపారంలో పలుకుబడి ఉన్నవాడు కాదు. కవితలు రాసుకునే అలవాటు మాత్రం ఉంది. అలా రాసుకున్న ఒక కవితకే బాణీ కట్టి పాటగా మలిచాడు. పేరు ‘దట్స్ హౌ స్ట్రాంగ్ మై లవ్ ఈజ్’.

క్లాంచ్‌కు ఆ రాత్రి విన్నది చాలు. అతనికి అనుభవం లేక కాదు. సన్ రికార్డ్స్‌లో గిటారు వాయించాడు, 1957లో హాయ్ రికార్డ్స్ పెట్టినవాళ్లలో ఒకడు, తర్వాత అందులోంచి బయటికొచ్చాడు. ఇప్పుడు రుడాల్ఫ్ రస్సెల్ అనే మందుల షాపాయనతో కలిసి గోల్డ్‌వాక్స్ అనే చిన్న లేబుల్ పెట్టుకున్నాడు. ఒక సేల్స్‌మన్, ఒక ఫార్మసిస్టు, ఒక బ్లడ్ బ్యాంకు ఉద్యోగి. స్టాక్స్, హాయ్, సన్ లాంటి కంపెనీలు ఏలుతున్న ఊళ్లో ఈ ముగ్గురూ కలిసి చేసిన పని ఎంత గొప్పదో చెప్పే కొద్దీ నాకు తనివి తీరదు.

మొదటి దెబ్బ వెంటనే తగిలింది. జేమిసన్ పాటను ఓ.వి. రైట్ గొంతుతో గోల్డ్‌వాక్స్ 1964లోనే విడుదల చేసింది. రికార్డు ఇంకా పుంజుకుంటుండగానే హ్యూస్టన్ నుంచి డాన్ రోబీ కబురు పెట్టాడు. రైట్ అంతకుముందు సన్‌సెట్ ట్రావెలర్స్ బృందంతో రోబీ గారి పీకాక్ లేబుల్‌కు భక్తిపాటలు పాడి ఉన్నాడు. ఆ ఒప్పందం ఇంకా చెల్లుతుందని రోబీ వాదన. రైట్ చేజారిపోయాడు. ఇక మిగిలింది పాట. దాన్ని పేరున్న సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ ఆ ఏడాది చివర్లోనే పాడేశాడు. మరుసటి ఏడాది ఇంగ్లండు బృందం రోలింగ్ స్టోన్స్ పాడింది. లోకమంతా ఆ పాట ఓటిస్‌దే అనుకుంది. ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటారు.

గోల్డ్‌వాక్స్‌కు మిగిలినవాడు జేమ్స్ కార్.

1942లో మిసిసిపి రాష్ట్రంలోని పత్తి చేల ప్రాంతంలో పుట్టి, పసితనంలోనే మెంఫిస్ చేరాడు. తండ్రి చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. కార్‌కు చదవడం, రాయడం సరిగా రావు. నెమ్మదస్తుడు. నలుగురిలో కలవడం తెలియదు. ఉన్నట్టుండి తనలోకి తాను వెళ్లిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. తర్వాతి కాలంలో దానికి బైపోలార్ డిజార్డర్ అని పేరు పెట్టారు. జేమిసన్‌కు ఆ పేరుతో పనిలేదు. ఈ పిల్లవాడి పక్కన ఎవరో ఒకరు ఉండాలని మాత్రం తెలుసు. అందుకే దగ్గరుండి పాట నేర్పించేవాడు, కుదురుగా కూర్చోబెట్టేవాడు, చెయ్యి పట్టుకుని మైకు దాకా తీసుకెళ్లేవాడు.

1966లో ఫలితం కనిపించింది. ‘యూ హావ్ గాట్ మై మైండ్ మెస్డ్ అప్’ పాట నల్లజాతి సంగీతపు చార్టులో 7వ స్థానానికి వెళ్లింది. రాసింది ఓ.బి. మెక్లింటన్. ప్రేమలో పడి మతి చెదిరిన మనిషి గోడు అది. కార్ జీవితం తెలిశాక ఆ పాటను మామూలు ప్రేమపాటలా వినడం కష్టం.

ఆ ఏడాదే నాష్‌విల్ నగరంలో రేడియో డీజేల సమావేశం జరిగింది. సంగీత ప్రపంచమంతా అక్కడే దిగింది. ఒక హోటల్ గదిలో పేకాట సాగుతోంది. ఆడేవాళ్లలో ఇద్దరు పాటల మనుషులు. ఒకడు అలబామా నుంచి వచ్చిన డాన్ పెన్, ఇంకా పాతికేళ్లు నిండలేదు. రెండోవాడు చిప్స్ మోమన్, మెంఫిస్‌లో అమెరికన్ స్టూడియో యజమాని. దొంగచాటు ప్రేమ మీద ఇంతవరకూ ఎవరూ రాయనంత గొప్ప పాట రాయాలని ఆ ఇద్దరికీ ఎన్నాళ్లుగానో కోరిక. ఆట మధ్యలో ఏదో తట్టింది. ముక్కలు పక్కన పెట్టి లేచారు. రాసుకోవడానికి చోటు కావాలి. అక్కడే ఉన్న క్లాంచ్‌ను అతని గది అడిగారు. క్లాంచ్ సరేనన్నాడు, ఒక షరతు మీద. ఆ పాట జేమ్స్ కార్‌కే ఇవ్వాలి.

అరగంటలో పాట పూర్తయింది. ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’. ఎవరి సంసారాలు వాళ్లకున్న ఇద్దరు వీధి చివర చీకట్లో కలుసుకుంటారు. తాము చేస్తున్నది తప్పని తెలుసు. ఏదో ఒక రోజు దొరికిపోతామనీ తెలుసు. పగలు ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్లిపోవాలి. మొత్తం కథ అంతే.

దాన్ని రికార్డు చేసింది మెంఫిస్‌లోని రాయల్ స్టూడియోలో. అది ఒకప్పటి సినిమా హాలు. తెర వైపు వాలుగా ఉండే నేలను అలాగే వదిలేసి స్టూడియోగా మార్చారు. ఆ వాలు నేల మీద నిలబడి కార్ పాడాడు. పాట నిడివి రెండున్నర నిమిషాల పైచిలుకు. సురభి నాటకాల్లో పద్యం చివర రాగం లాగి వన్స్‌మోర్ కొట్టించుకునే నటుడిలా, గొంతు చూపించుకోవడానికి ఆ పాటలో అడుగడుగునా చోటుంది. కార్ దాదాపు ఎక్కడా ఆ చోటు వాడుకోలేదు. పాట పొడుగునా ఎవరో వింటారేమోనన్న భయం అతని గొంతులో ఉంటుంది. ఒకటి రెండుసార్లు మాత్రం ఆ గొంతు గట్టు తెంచుకోబోయి ఆగుతుంది. ఆ ఆగడంలోనే పాట ప్రాణమంతా ఉంది.

1967 మొదట్లో అది నల్లజాతి చార్టులో 10వ స్థానం, మొత్తం దేశపు చార్టులో 77వ స్థానం అందుకుంది. తర్వాత అరిథా ఫ్రాంక్లిన్ పాడింది, పెర్సీ స్లెడ్జ్ పాడాడు, లిండా రాన్‌స్టాట్ పాడింది. 1991లో వచ్చిన ‘ద కమిట్‌మెంట్స్’ సినిమాలోనూ వినిపించింది. రాసిన డాన్ పెన్‌ను ఎవరి గొంతులో బాగుందని అడిగితే మాత్రం, కార్ పేరు తప్ప ఇంకో పేరు చెప్పడు.

హిట్లు పడితే చుట్టూ కొత్త మనుషులు చేరతారు. ఓటిస్ రెడింగ్‌ను నడిపిస్తున్న ఫిల్ వాల్డెన్ కార్ వ్యవహారాలు చేపట్టాడు. వ్యాపారంగా చూస్తే అది మెట్టు పైకెక్కడమే. పెద్ద వేదికలు, పెద్ద ఊళ్లు. బ్లడ్ బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న జేమిసన్ పక్కకు జరగాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ కథకు మలుపు అదే. కార్ గురించి రాసినవాళ్లలో చాలామంది అతని పతనాన్ని జబ్బు ఖాతాలోనో మత్తు ఖాతాలోనో వేసి ఊరుకుంటారు. జబ్బు ముందునుంచీ ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి దూరమయ్యాకే కార్ నిలబడలేకపోయాడు. ఇది నా నమ్మకం. కాదనేవాళ్లు ఉండొచ్చు.

రోజుల తరబడి సాగే ప్రయాణాలు, రాత్రికో ఊరు, తెలియని మనుషులు. కార్ అంతకంతకూ మౌనంలోకి జారిపోయాడు. 1969లో అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోకు తీసుకెళ్లారు. వాద్యగాళ్లు సిద్ధంగా ఉన్నారు. మైకు ముందు కూర్చోబెట్టారు. కార్ శూన్యంలోకి చూస్తూ ఉండిపోయాడు. గంటలు గడిచాయి. ఎట్టకేలకు గొంతు విప్పి పాడింది బీ గీస్ రాసిన ‘టు లవ్ సమ్‌బడీ’. వినండి. ఆ గొంతులో అలసట ఉంది గానీ అపశ్రుతి లేదు.

గోల్డ్‌వాక్స్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. స్పెన్సర్ విగ్గిన్స్, ఓవేషన్స్ లాంటి మేలిమి గొంతులు ఉన్నా, దేశమంతా రికార్డు చేరవేసే బలం చిన్న లేబుల్‌కు ఎక్కడిది? పంపిణీకి పెద్ద కంపెనీల మీద ఆధారపడాల్సిందే. దశాబ్దం ముగిసేసరికి దుకాణం కట్టేశారు. అట్లాంటిక్ సంస్థ 1971లో కార్‌తో ఒక రికార్డు చేసి ఊరుకుంది.

అప్పుడు మళ్లీ ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? జేమిసనే. 1977లో రివర్ సిటీ అనే బుల్లి లేబుల్ మీద కార్ చేత పాడించి రికార్డు తెచ్చాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కానీ జపాన్‌లో గోల్డ్‌వాక్స్ పాటల్ని ప్రాణంగా చూసుకునే శ్రోతలున్నారు. 1979లో అక్కడి నుంచి పిలుపు వచ్చింది. జేమిసన్ తోడుగా వెళ్లాడు. మొదటి కచేరీలు సవ్యంగానే సాగాయి. టోక్యోలో మాత్రం కార్ వేదిక మీదికొచ్చి మైకు ముందు కొయ్యబారిపోయాడు. నోట మాట లేదు, పాట లేదు. వేసుకోవాల్సిన మందులు మోతాదు మించి వేసుకున్నాడని తర్వాత చెప్పారు. ఆ గొంతు వినడానికి ఏళ్ల తరబడి ఎదురుచూసిన జనం ఎదుట, సముద్రాలు దాటి వచ్చిన గాయకుడు అలా నిలబడి ఉంటే, పక్కన జేమిసన్ పడ్డ యాతన తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత కార్ మెంఫిస్‌లో సోదరి ఇంట్లో ఉండిపోయాడు. తిండీ మందులూ ఆమే చూసుకుంది. రచయిత పీటర్ గురాల్నిక్ 1986లో వెలువరించిన ‘స్వీట్ సోల్ మ్యూజిక్’ పుస్తకంలో కార్, జేమిసన్, క్లాంచ్‌ల గురించి వివరంగా రాశాక కొత్త తరం వెతుక్కుంటూ వచ్చింది. 1990ల మొదట్లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఒకటి కొత్తగా ఊపిరి పోసుకున్న గోల్డ్‌వాక్స్ పేరు మీద, ఇంకొకటి డెబ్బై దాటిన క్లాంచ్ చొరవతో. గొంతు గరుకెక్కింది. అక్కడక్కడ పాత మెరుపు మిగిలే ఉంది. 2001 జనవరి 7న ఊపిరితిత్తుల కేన్సర్‌తో కార్ కన్నుమూశాడు. 58 ఏళ్లు.

ఓ.వి. రైట్ అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే, 1980లో, 41 ఏళ్లకే పోయాడు. అతని సమాధి మీద 2008 దాకా పేరు చెక్కిన రాయి లేదు. అభిమానులు చందాలు వేసుకుని పెట్టించారు. క్లాంచ్ నిండు జీవితం గడిపి 2021లో 99 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. లండన్‌లోని ఏస్ రికార్డ్స్ గోల్డ్‌వాక్స్ సింగిల్స్‌ను మూడు భాగాలుగా మళ్లీ అచ్చువేసింది. ఒక ఊరి బ్లడ్ బ్యాంకు వెనక గదిలో మొదలైన సంగీతం ఇప్పుడు ఎవరి ఫోనులోకైనా వస్తుంది.

జేమిసన్ 2013లో మరణించాడు. గాయకుల మీద పుస్తకాలు వస్తాయి, నిర్మాతల మీద వ్యాసాలు వస్తాయి. చెయ్యి పట్టుకుని మైకు దాకా నడిపించినవాడి మీద వచ్చేవి ఒకటీ అరా సంతాప వ్యాసాలే. అయినా అతని పేరు చెరిగిపోకుండా ఒకచోట ఉంది. ఓటిస్ రెడింగ్ పాడిన ‘దట్స్ హౌ స్ట్రాంగ్ మై లవ్ ఈజ్’ రికార్డు తీయండి, రోలింగ్ స్టోన్స్‌ది తీయండి, తర్వాత పాడిన ఎవరిదైనా తీయండి. పాట పేరు కింద, బ్రాకెట్ల మధ్య, చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది: జేమిసన్.