నలుగురు ఆడపిల్లలు, ఒక గృహిణి

పిల్లలు ఇంట్లో కూనిరాగాలు తీస్తుంటే ‘చదువుకోవే’ అని కసురుతాం కదూ? అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని పసేయిక్ అనే ఊళ్లో ఒక గృహిణి అలా కసరలేదు. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ గ్రీన్‌బర్గ్. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. సంగీతం నేర్చుకున్నదీ లేదు.

కూతురి బడిలో షర్లీ, డోరిస్, ఆడీ, బెవర్లీ అని నలుగురు నల్లజాతి అమ్మాయిలు తామే అల్లుకున్న పాటొకటి పాడారు. ఆదివారం పరిచయమైన కుర్రవాడికి శనివారానికల్లా వీడ్కోలు చెప్పేసే అల్లరి పాట! కూతురు వాళ్ల వెంటపడి తల్లి దగ్గరికి తీసుకొచ్చింది. షిరెల్స్ అని పేరు పెట్టుకుని 1958లో రికార్డు ఇచ్చారు. అమెరికాలో బిల్‌బోర్డ్ అనే పత్రిక ఏ పాటకెంత గిరాకీ ఉందో వారం వారం జాబితా వేస్తుంది. అందులో 49వ స్థానం దక్కింది. తర్వాతి పాటలు ఆడకపోయేసరికి, రికార్డు కొన్న పెద్ద కంపెనీ వాళ్లను వదిలేసుకుంది. ఫ్లోరెన్స్ వదల్లేదు. 1959లో సెప్టర్ అని సొంత కంపెనీ పెట్టింది.

1960లో వాళ్ల చేతికొచ్చిన పాట ‘విల్ యూ లవ్ మీ టుమారో’. ఈ ప్రేమ రేపటిదాకా నిలుస్తుందా అని ఒక ఆడపిల్ల సూటిగా అడుగుతుంది అందులో. బాణీ కట్టిన కరోల్ కింగ్‌కి పద్దెనిమిదేళ్లు, ఒళ్లో చంటిపిల్ల! మాటలు ఆమె భర్త జెర్రీ గాఫిన్‌వి. షర్లీకి మొదట ఆ పాట నచ్చనే లేదట. లూథర్ డిక్సన్ వయొలిన్లు చేర్చి తీర్చిదిద్దాక పాడింది. 1961 జనవరిలో అది మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి అమ్మాయిల బృందం బిల్‌బోర్డ్ జాబితాలో అగ్రస్థానానికెక్కడం అదే తొలిసారి. మరుసటేడు ‘సోల్జర్ బాయ్’ కూడా అంతే. దాని రచనలో ఫ్లోరెన్స్‌కీ భాగముంది.

ఇక డబ్బు సంగతి. మీ వాటా దాచి ఉంచుతున్నాం, ఇరవై ఒకటో ఏడు రాగానే ఇస్తామని పిల్లలకు చెప్పారట. వయసొచ్చి అడిగితే అలాంటి నిధే లేదని తేలిందని వాళ్ల ఫిర్యాదు. నన్నడిగితే, ఆవిడ ధైర్యానికి దణ్ణం పెడతాను గానీ, పాలవాడికి కూడా నెలనెలా లెక్క చూపించే మనం ఈ పని మెచ్చుకోగలమా? 1963లో మొదలైన తగవు కోర్టుకెక్కి, 1965లో రాజీతో ముగిసింది. ఈలోగా, 1963లోనే, ఇంగ్లండులో బీటిల్స్ తమ మొదటి ఆల్బంలో షిరెల్స్ పాటలు రెండు పాడుకున్నారు. తగవు తీరాక ఈ అమ్మాయిలకు మాత్రం అంతటి పాట మళ్లీ పడలేదు.