బాడుగ

నివాసమునకై యితరుల గృహమును అనుభవించుచు నెలనెలా చెల్లించు సొమ్మును సర్కారు జిల్లాలవారు అద్దె యనియు, తెలంగాణమువారు కిరాయి యనియు, రాయలసీమవారు బాడుగ యనియు వ్యవహరింతురు. కిరాయి అరబ్బీనుండి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చినది. బాడుగకు మూలము సంస్కృత 'భాటకము'. హిందీ 'భాడా', కన్నడ 'బాడిగె', తమిళ 'వాడగై' దీని తోబుట్టువులు.

భాటకము అనుభవమునకు వెలయే కాని వస్తువునకు వెల కాదు. ఈ సూక్ష్మమునే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ధర్మముగా నిలిపినది: వేరు ఒప్పందముగాని స్థానికాచారముగాని లేనిచో, అద్దెకున్నవాడు ఆ యింటిని వివేకి తన సొంత యింటిని వలె వాడుకొనవలెను, సహజమైన అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు, తనవలన గాని తన పనివారివలన గాని కలిగిన లోపమును మాత్రము, యజమాని నోటీసు ఇచ్చిన 3 నెలలలో బాగుచేయవలెను.

కావున వెలిసిన సున్నమునకై అడ్వాన్సు కోయుట యెంత అన్యాయమో, పగిలిన తలుపును చెప్పక వెడలిపోవుట యంత అన్యాయము. గృహయజమానులారా, తాళము చేతికిచ్చునాడే గోడలు, తలుపులు, కుళాయిలు ఇరువురును కలసి చూచి, ఉన్నదున్నట్లు వ్రాసికొని సంతకములు చేసికొనుడు.