తేనెపట్టులో 'రాజు' రాణి అయిన వైనం

తేనెపట్టులో అన్నిటికంటె పొడవైన ఈగను అరిస్టాటిల్ 'రాజు' అన్నాడు. దానిని 'తల్లి' అనేవారూ ఉన్నారని ఆయనే నమోదు చేశాడు. నిలిచినది మాత్రం రాజు అన్న మాటే. ప్రశ్నోపనిషత్తులోనూ అది మధుకరరాజే: అది లేచిపోతే ఈగలన్నీ లేచిపోతాయి. గుంపు కదలికకు సంబంధించినంతవరకు ఈ పరిశీలన తప్పేమీ కాదు.

ఆ ఈగ గుడ్లు పెట్టే ఆడదని 1586లో స్పెయిన్ దేశస్థుడు లూయిస్ మెండెజ్ దె తోరెస్ రాశాడు. 1609లో ఇంగ్లండులో చార్లెస్ బట్లర్ తన గ్రంథానికి 'స్త్రీ రాజ్యం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఎలిజబెత్ రాణి గతించి అప్పటికి ఆరేళ్లే. ఆ పేరు అక్కడి పాఠకులకు మరీ వింతగా తోచి ఉండదు. డచ్చి శాస్త్రజ్ఞుడు యాన్ స్వామర్‌డామ్ ఆ ఈగను కోసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి అండాశయాలను గుర్తించాడు. ఆయన 1680లో మరణించాడు. ఆ చిత్రాలు, వివరణలు 1737-38లో గాని గ్రంథరూపం పొందలేదు. రాణి గూటి వెలుపల, గాలిలో జతకూడుతుందన్న పరిశీలనను 1792లో జెనీవాకు చెందిన ఫ్రాంస్వా హుబేర్ ప్రచురించాడు. ఆయన అంధుడు, చూసినది ఆయన సేవకుడు బ్యూర్నాన్.

ఇలా లింగం సరిదిద్దబడింది గాని, రాచరికపు ఊహ పోలేదు. ఏ పురుగుకు చివరిదాకా రాజాహారం మేపాలో, గుడ్లు తగ్గిన రాణికి బదులు మరొకదానిని ఎప్పుడు పెంచాలో తేల్చేది కూలి ఈగలే. అరిస్టాటిల్ విని పక్కనపెట్టిన 'తల్లి' అన్న మాటే వాస్తవానికి దగ్గరగా ఉంది.