ఉంగరము దాగిన రొట్టె

అక్టోబరు 31వ తేదీ రాత్రి ఐర్లండు దేశమున టీ బల్లపై నొక తియ్యని రొట్టె నుంచుదురు. ఎండుద్రాక్షలతో నిండిన యీ రొట్టెకు బార్మ్‌బ్రాక్ అని పేరు. దానిని కోయునపుడు ఇంటిల్లిపాదియు కత్తివంకనే చూచుచుందురు. ఏలయన అందులో నొక ఉంగరము దాగియుండును.

ముందు పేరు సంగతి. ఐరిషు భాషలో 'బారీన్ బ్రాక్' అనగా మచ్చల రొట్టె. ఒంటినిండ చుక్కలుండు ట్రౌట్ చేపకును ఆ భాషలో 'బ్రాక్' అనియే పేరు. ఇంగ్లీషులోనన్ననో, 'బార్మ్' అనగా బీరు పులియునపుడు పైకి తేలెడి నురుగు. పూర్వము రొట్టెను పొంగించుటకు దానినే వాడెడివారు. కావున ఇంగ్లీషు తెలిసినవారికి ఆ పేరులో నురుగు వినిపించినది, ఐరిషు తెలిసినవారికి చుక్కలు వినిపించినవి. మాకు చుక్కల పక్షమే నచ్చినది.

ఉంగరము దొరికినవారికి ఏడాది తిరుగకుండ పెండ్లి యగునని నమ్మిక. పూర్వము మరికొన్నిటిని కూడ పిండిలో దాచెడివారు. నాణెము వచ్చిన ధనము, బఠాణీగింజ వచ్చిన ఆ యేడు పెండ్లి లేదు, పుల్ల వచ్చిన కాపురమున కలహము, గుడ్డపేలిక వచ్చిన దారిద్ర్యము. వినుటకు పిల్లలాటవలె నున్నది. కాని పేలిక యన్నది నవ్వులాట కాని యిండ్లు ఆ దేశమున నెన్నో యుండెను. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకెను. ఆ వెనుకటి కొలది యేండ్లలో సుమారు 10 లక్షలమంది చనిపోయిరి. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కి దేశము విడిచిరి. ఆలుగడ్డయే దినభోజనమైన కుటుంబమునకు గోధుమపిండియు, పరదేశపు ద్రాక్షయు ఎంత దూరపు వస్తువులో ఊహింపవచ్చును.

జేమ్స్ జాయిస్ 1914లో ప్రకటించిన 'డబ్లినర్స్' అను సంపుటిలో 'క్లే' యను కథ ఈ పండుగ రాత్రియే జరుగును. డబ్లిను నగరమున స్త్రీలు పనిచేయు నొక బట్టల ఉతుకుశాల వంటయింటిలో, మరియా యను వయసు మీరిన అవివాహిత ఆ రొట్టెలను తన చేతులతో కోసి సిద్ధపరచును. ఈసారి ఉంగరము నీదేనని తోడివారు హాస్యమాడుదురు. ఏటేట వినుచున్న హాస్యమే అది. ఆమె నవ్వి, నాకక్కరలేదనును. ఆ నవ్వును మేము మరువలేకపోయితిమి.

ఈస్టుతో చేయు రొట్టెకు ఓపిక కావలెను. కనుక చాల యిండ్లలో టీతో చేయు సులభపు బ్రాక్ వాడుకలోనికి వచ్చినది. ఐర్లండువారి టీలో అస్సాము ఆకును కలుపుదురు కనుక ఇందులో మన దేశమునకును కొంత భాగము కలదు. రాత్రి 300 మిల్లీలీటర్ల చిక్కని టీ డికాక్షనులో, పాలు చేర్చకుండ, 350 గ్రాముల ఎండుద్రాక్షలు, 200 గ్రాముల ముదురు చక్కెర నానవేయవలెను. ఉదయమునకు ద్రాక్షలు ఉబ్బి టీని చాలవరకు త్రాగివేయును. అందులో గిలకొట్టిన గ్రుడ్డు ఒకటి, 250 గ్రాముల మైదా, రెండు చెంచాల బేకింగు పౌడరు, కొంచెము దాల్చినచెక్క పొడి, జాజికాయ పొడి కలిపి, వెన్న రాచిన గిన్నెలో పోసి, 170 డిగ్రీల వేడిలో సుమారు గంటంబావు కాల్చవలెను. పుల్ల గ్రుచ్చి చూచిన పిండి అంటరాదు. చల్లారిన తరువాత కోసి వెన్న పూయుదురు.

బజారు రొట్టెలలో నేటికిని ఉంగరము నుంచుచున్నారు; పేలికయు పుల్లయు చాలవరకు కానరావు. ఇంట చేయువారు ఉంగరమును నూనె పీల్చని కాగితమున చుట్టి పిండిలో నుంచవలెను. పిల్లలున్న యింట, ఏ ముక్కలో నున్నదో తెలియువరకు మెల్లగా కొరుకుమని ముందే చెప్పవలెను.