ఓటు హక్కు - ఓటు వేయని హక్కు

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఒక మాట వినబడుతూనే ఉంటుంది. "ఓటు మా హక్కు. వేస్తే వేస్తాం, లేకుంటే ఊరుకుంటాం, అడిగేందుకు మీరెవరు?" అని ఒకరంటారు. "ఓటు వెయ్యనోడికి రేషన్ కార్డు తీసెయ్యాలె" అని ఇంకొకరంటారు. ఈ రెండింటిలో న్యాయమేదో చరిత్రను బట్టి కొంచెం విచారించి చూద్దామని ఈ వ్యాసం తలపెట్టాము.

తెలుగులోని 'హక్కు' అనే మాట మన ఉర్దూ 'హక్' నుంచి వచ్చినదే. దానికి జతగా 'ఫర్జ్' అనే మాట ఉంది. ఫర్జ్ అంటే తప్పక చేయవలసిన విధి. హక్కు అలా కాదు, దాన్ని వాడుకోవడం, వాడుకోకపోవడం హక్కుదారు ఇష్టం. ఓటు హక్కును ఉర్దూలో 'హక్కె రాయ్‌దిహీ' అంటాము. రాయ్ అంటే అభిప్రాయం. అభిప్రాయం చెప్పే హక్కు ఉన్నవాడు ఒక్కోసారి ఊరుకుంటే, అది కూడా అభిప్రాయమే. అయితే ఒక షరతు ఉంది. ఊరుకున్నది మనమే అయి ఉండాలి గాని ఎవరో మన నోరు మూసి ఉండకూడదు.

గద్వాల, వనపర్తి నిజాం కాలంలో సంస్థానాలు. పాలకుణ్ణి ఎన్నుకునే మాట ప్రజలకు కలలో కూడా లేదు. ఓటే లేనివాడికి ఓటు వేయకుండా ఉండే స్వేచ్ఛ ఎక్కడిది? 1939లో నిజాం ప్రభుత్వం ప్రకటించిన సంస్కరణల ప్రకారం హైదరాబాదు శాసనసభకు 1946లో ఎన్నికలు జరిగాయి. అందరికీ ఓటు లేదు, కొన్ని వర్గాలకే. స్టేట్ కాంగ్రెస్ ఆ ఎన్నికలను బహిష్కరించింది. ఓటు వేయకపోవడమే నిరసనగా మన గడ్డ మీద కనబడిన సందర్భం అది.

తర్వాత 1948లో నిజాం పాలన పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో రాజ్యాంగం వచ్చింది. దాని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. 325వ అధికరణం మతాన్ని బట్టి, కులాన్ని బట్టి వేరు జాబితాలు లేకుండా అందరినీ ఒకే జాబితాలో చేర్చింది. 1952 ఎన్నికల్లో వనపర్తి ప్రజలు గోల్కొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారిని హైదరాబాదు శాసనసభకు పంపించారు. ఆయన గద్వాల సంస్థానపు పల్లెలో పెరిగినవారు. నిన్నటి సంస్థానంలో జీతగాడికీ, దొరకీ ఒకే విలువ గల ఓటు వచ్చిన రోజులవి.

ఇక చట్టం సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 79వ సెక్షన్‌లో 'ఎన్నికల హక్కు' అంటే ఏమిటో రాశారు. ఓటు వేయడంతో పాటు ఓటు వేయకుండా ఉండడం కూడా అందులో ఉంది. కాబట్టి మన ప్రశ్నకు జవాబు చట్టంలో మొదటినుంచీ ఉన్నదే. 1961 నియమాల్లోని 49-ఓ కింద, రిజిస్టరులో సంతకం పెట్టిన తర్వాత "నేను వేయను" అని చెప్పవచ్చు. కాని ఆ మాట అధికారి రాసుకోవాలి, ఓటరు మళ్లీ సంతకం పెట్టాలి. పోలింగ్ డ్యూటీ చేసిన మా వంటి పంతుళ్లకు తెలుసు, ఎదురుగా పార్టీల ఏజెంట్లు కూర్చొని చూస్తుంటారు. ఊళ్లో బతకవలసినవాడు అంత ధైర్యం ఎట్లా చేస్తాడు?

2003లో సుప్రీంకోర్టులో జస్టిస్ పి. వెంకటరామరెడ్డి గారు ఒక భేదం చూపించారు. వారు అంతకుముందు మన హైకోర్టులో పనిచేసినవారు. ఓటు హక్కు రాజ్యాంగం ఇచ్చినది, ఓటు ఎవరికి వేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మాత్రం భావ ప్రకటన స్వేచ్ఛలో భాగం అన్నారు. ఆ దారిలోనే 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు 'నోటా' మీట పెట్టమని తీర్పు చెప్పింది. ఎవరూ నచ్చలేదని రహస్యంగా చెప్పే వీలు కలిగింది. మన దగ్గర 2014 నుంచి అమలైంది. అయితే శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు. ఇది మరువరాదు.

ఓటు వేయకపోతే జరిమానా వేసే దేశాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 1924 నుంచి అదే పద్ధతి. గుజరాత్‌లో స్థానిక సంస్థలకు అటువంటి చట్టం చేస్తే, 2015లో అక్కడి హైకోర్టు నిలిపివేసింది. అదే సంవత్సరం లా కమిషన్ కూడా నిర్బంధ ఓటు వద్దన్నది.

మరి మన దగ్గర ఓటు వేయనివాళ్లందరూ స్వేచ్ఛతోనే వేయడం లేదా? పాలమూరు కూలీ ముంబైలోనో, పుణెలోనో మట్టి మోస్తుంటాడు. పోలింగ్ నాడు రావాలంటే కూలీ పోతుంది, చార్జీలు పోతాయి. అతను మానుకున్నది ఇష్టంతో కాదు. పంచాయతీలో పెద్దమనుషులు కూర్చొని ఏకగ్రీవం చేస్తే పోలింగే ఉండదు, ఇక నోటా ఎక్కడిది? నిజంగా అందరూ ఒప్పుకుంటే మంచిదే. కొందరు ఒప్పుకొని మిగతావాళ్లను ఊరుకోబెడితే అది ఊరి మాట కాదు. అట్లాగే ఏ సమాజ పెద్దయినా "ఈసారి మనవాళ్లెవరూ వేయొద్దు" అంటే, లేక "అందరూ ఫలానావారికే వేయాలె" అంటే, రెండూ ఒకటే. ఒకరి హక్కును ఇంకొకరు వదులుకోలేరు. సమాజం నుంచి వెలివేస్తామని అభ్యర్థి తరఫున ఓటరును బెదిరించడం చట్టం 123వ సెక్షన్ ప్రకారం అక్రమం.

కోపం వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోవడం ఒక్కటే మార్గం కాదు. మన పక్కనే ఉన్న నల్లగొండలో 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది పోటీలో నిలబడ్డారు. వారిలో ఎక్కువమంది ఫ్లోరైడు నీళ్ల బాధ దేశానికి తెలియాలని నిలబడినవారే. బ్యాలెట్ పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. 2019లో నిజామాబాదులో పసుపు రైతులు అదే దారి పట్టారు, 185 మంది పోటీలో నిలిచారు. వాళ్లు మౌనంగా ఉండలేదు.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితా తయారుచేసేటప్పుడు దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించారు. వారి పేర్లు జాబితాలో ఉండకుండా పోయాయి. మన రోజుల్లో కూడా పెళ్లయి అత్తగారి ఊరికి వచ్చిన ఆడపిల్ల పేరు పుట్టింటి జాబితాలోనే ఉండిపోతున్నది. ఆమె ఓటు వేయలేదంటే అది ఆమె నిర్ణయమని ఎట్లా అనగలం?

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఓటు వేయకుండా ఉండే స్వేచ్ఛ ఓటు హక్కులో ఉన్నది. కాని వేయగలిగినవాడికే ఆ స్వేచ్ఛ. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. మన సంఘాల పని ఎవరికి వేయాలో చెప్పడం కాదు. ప్రతి ఇంటికి పోయి జాబితాలో పేరు ఉన్నదో లేదో చూడాలి. పద్దెనిమిది నిండినవారికి ఆరో నంబరు ఫారం, ఊరు మారినవారికి ఎనిమిదో నంబరు ఫారం నింపి ఇవ్వాలి. వలస పోయినవాళ్లకు పోలింగ్ తేదీ ముందుగా తెలియజేయాలి. ఆ తర్వాత ఏ మీట నొక్కాలో, అసలు నొక్కాలో వద్దో, ఎవరి మనసుకు వారిని వదిలిపెట్టాలని పాఠకులకు మా మనవి.