గొట్టం కొసన ఈగ

1851లో కోల్ట్ తెచ్చిన నేవీ రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే వెనుక సైటు ఎక్కడా కనబడదు. బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగి ఎక్కుపెడితేనే అది కంటి ముందుకు వస్తుంది. సుత్తి నెత్తిన కోసిన చిన్న నొక్కే వెనుక సైటు. గొట్టం కొసన ఉన్న ఇత్తడి బొడిపె ముందు సైటు. ఆ బొడిపె ఈ నొక్కులో కుదురుకుంటే గురి కుదిరినట్టు. హిందుస్తానీలో తుపాకీ ముందు సైటును ‘మక్ఖీ’ అంటారు, అంటే ఈగ. ఆ రోజుల్లో అది నిజంగానే గొట్టం మీద వాలిన ఈగంత ఉండేది.

అంత చిన్నగా చేయడానికి కారణం తోలు ఒర. పైకి పొడుచుకొచ్చినది ఏదైనా ఒరలోంచి తీసేటప్పుడు తగులుకుంటుంది. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీలో ఆ ఇబ్బంది కూడా లేకుండా, చట్రం పైభాగాన పొడుగాటి గాడి చెక్కి దాన్నే వెనుక సైటు చేశారు. చూపుకు ఎంతో నున్నగా, అందంగా ఉంటుంది. కానీ గుండు పక్కకో కిందికో పోతుంటే జరపడానికి అక్కడ విడిభాగమంటూ ఏదీ లేదు. ముందు రేకును ఆకురాయితో అరగదీయాలి, లేదా కాస్త వంచాలి.

ఈ కథలో అసలు మలుపు 1890లలో వచ్చింది. ఇ. ఇ. పాట్రిడ్జ్ అనే అమెరికన్ గురికాడు ముందు సైటులోని గుండ్రటి పూసను తీసేసి, పైఅంచు చదునుగా ఉండే నలుచదరపు దిమ్మను పెట్టాడు. వెనుక నొక్కునూ చదరంగానే కోశాడు. ఆయన పేరును చాలామంది ‘పార్ట్రిడ్జ్’ అని, కౌజు పిట్ట పేరుగా మార్చి రాస్తారు. అంత పెద్ద మేలు చేసినవాడి పేరును సరిగ్గా పలకాలని నా పట్టుదల.

ఆయన చేసిన మార్పు గొప్పతనం కంటి తీరులో ఉంది. వెనుక సైటు, ముందు సైటు, లక్ష్యం మూడు వేర్వేరు దూరాల్లో ఉంటాయి. మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడటం కంటికి సాధ్యం కాదు. అందుకే గురికాడు చూపును ముందు సైటు మీద నిలిపి, మిగతా రెండింటినీ మసకగా వదిలేస్తాడు. గుండ్రటి పూస మీద ఒక పక్కనుంచి ఎండ పడితే వెలిగిన వైపే కంటికి ఆనుతుంది, గురి పక్కకు జరుగుతుంది. చదరపు దిమ్మకు రెండు పక్కలా రెండు సన్నని వెలుతురు గీతలు కనిపిస్తాయి. అవి సమానంగా ఉన్నాయా, పైఅంచులు ఒకే మట్టంలో ఉన్నాయా అన్నది కన్ను చప్పున పట్టేస్తుంది.

అయినా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్తోలుకు మళ్లీ చిన్న సైట్లే వచ్చాయి. వాటిని మార్చుకోవాలన్న తపన ఆ తర్వాత పెద్ద చేతిపనిగా ఎదిగింది. 1930లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కింగ్ గన్‌సైట్ కంపెనీ ముందు సైటులో ఎర్ర పూస అమర్చి, దగ్గరలో చిన్న అద్దంలాంటి రేకు పెట్టింది. పైనుంచి పడే వెలుతురును ఆ రేకు పూస మీదికి మళ్లించేది. ఇప్పటి ఫైబర్ ఆప్టిక్ సైట్లు పక్కల నుంచి వెలుగు తాగి కొసన మెరిసేదీ అదే పనికి.

సొగసు, పని ఒకటైన చోటు చూపమంటే నేను 1935 నాటి స్మిత్ అండ్ వెసన్ రిజిస్టర్డ్ మాగ్నమ్‌ను చూపిస్తాను. ధర 60 డాలర్లు. గొట్టం మూడున్నర అంగుళాల నుంచి ఎనిమిది ముప్పావు అంగుళాల దాకా ఎంత కావాలో, ఏ సైట్లు కావాలో కొనేవాడే చెప్పేవాడు. దాని పైభాగమంతా, వెనుక సైటు నుంచి గొట్టం కొస దాకా, సన్నని గళ్లు చెక్కి ఉంటాయి. వాటిని చూసిన కళ్లు నగిషీ అనుకుంటాయి. నిజానికి నున్నటి ఉక్కు మీద ఎండ తళుక్కుమని గురిని చెరపకుండా ఆపడానికే ఆ గళ్లు.

1980లలో తుపాకీ పనివాడు వేన్ నోవాక్ చేసిన వెనుక సైటు మరో మెట్టు. ముందుకు వాలిన నున్నటి ఆకారం, దేనికీ తగులుకోదు. వెనక్కీ ముందుకీ జరిగే పైభాగమైన స్లైడ్ గీతలో కలిసిపోయి పిస్తోలుకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. కానీ ఒక చెయ్యి గాయపడినప్పుడు సైటు అంచును బెల్టుకు ఆనించి స్లైడ్ లాగాలనుకుంటే ఆ వాలు జారిపోతుంది. అందుకే కొందరు ముందువైపు నిలువుగా తెగినట్టుండే మోటు సైటును కోరుకుంటారు. రక్షణ కోసం పిస్తోలు పట్టేవారి విషయంలో నా ఓటు ఆ మోటుదానికే.

రాత్రి చూపుకు ట్రిటియం వచ్చింది. చిన్న గాజు గొట్టంలో బంధించిన ఆ వాయువు లోపలి పూతను నిరంతరం వెలిగిస్తుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే పన్నెండేళ్లు దాటేసరికి వెలుగు సగానికి పడిపోతుంది. కొనేటప్పుడు తయారైన ఏడాది చూసుకోవాలి.

సైటు మార్చేవారు అందం కంటే ముందు కొలత చూడాలి. కొత్తది పాత గాడిలో బిగుతుగా కూర్చోవాలి, ఎత్తు కలవాలి. 1911 తరహా పిస్తోలులో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 165 మిల్లీమీటర్లు. ముందు సైటు ఎత్తులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 25 మీటర్ల దగ్గర గుండు దాదాపు 15 సెంటీమీటర్లు తప్పుతుంది. గుండు కిందికి పోతుంటే ముందు సైటును తగ్గించాలి, లేదా వెనుకదాన్ని పెంచాలి. కొత్తవాళ్లు తరచూ దీన్ని తలకిందులు చేస్తారు.

ఒలింపిక్ తరహా పిస్తోలు పోటీల్లో అద్దాల సైట్లకు అనుమతి లేదు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చింది తెరిచిన సైట్లతోనే. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. చాలామంది నేరుగా దాని మీదికి గురిపెట్టరు. నల్లటి గుండ్రానికి కింద కాస్త తెల్లని జాగా వదిలి, అక్కడ ముందు సైటు పైఅంచును నిలుపుతారు. లక్ష్యం మసకబారి ఉంటుంది. స్పష్టంగా కనిపించేది పాట్రిడ్జ్ నిలబెట్టిన ఆ నల్ల చదరం, దానికి అటూ ఇటూ రెండు వెలుతురు గీతలు.