కేజీలో తోట ఎక్కడ?

ఎల్‌కేజీ, యూకేజీ అని రోజూ అంటూనే ఉంటాం. అందులో కేజీ అంటే కిండర్‌గార్టెన్ అనీ, ఆ జర్మన్ మాటకి పిల్లల తోట అని అర్థమనీ కొందరికి తెలిసే ఉంటుంది. తెలిసినా అదేదో ముద్దుగా పెట్టిన పేరనుకుంటాం. పిల్లలు మొక్కలు, టీచరు తోటమాలి, అంతేగా! కానీ పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్‌కి అది పోలిక మాత్రమే కాదు. ఆయన బడికి తోట ఉండి తీరాలి. ఒక్కో పిల్లకీ సొంతంగా చిన్న మడి, అందరికీ కలిపి పూలకి, కూరగాయలకి ఉమ్మడి మళ్లు. తన మడిలో ఏం వేసుకోవాలో పిల్ల ఇష్టం. ఉమ్మడి మడి బాగోగులు మాత్రం అందరూ చూసుకోవాలి.

ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అంతకు చాలా ముందు బెర్లిన్‌లో ఖనిజ శాస్త్రవేత్త వైస్ దగ్గర స్ఫటికాల మీద పనిచేశాడు. ఆ ఛాయ ఆయన తయారుచేసిన చెక్క దిమ్మెల్లో కనిపిస్తుంది. ఒక ఘనాన్ని విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలు, మళ్లీ కలిపితే ఒకటి. దిమ్మెలు లోకమంతా తిరిగాయి. పెట్టెలో పట్టేవి కాబట్టి ప్రయాణం తేలిక. మడి పెట్టెలో పట్టదు. నర్సరీ చరిత్రలో సగం ఇదే అని నాకనిపిస్తుంది.

1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లని నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని ఆరోపణ. అన్న కొడుకు కార్ల్ రాసినవాటిని ఈయన ఖాతాలో వేశారు. మరుసటి ఏడే ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో. ఈలోగా శిష్యులు తలో దేశానికీ చేరారు. అదే 1851లో రోంగె దంపతులు లండన్‌లో ఒక కిండర్‌గార్టెన్ తెరిచారు.

అయితే ఇంగ్లండ్‌లో కూలివాళ్ల పిల్లలకి దక్కింది తోట కాదు, మెట్లమెట్లుగా కట్టిన బెంచీలు. వాటి మీద డజన్లకొద్దీ పసివాళ్లని కదలకుండా కూర్చోబెట్టేవారు. 1900 ప్రాంతంలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో 43 శాతం దాకా ప్రాథమిక బడుల్లోనే ఉండేవారు. 1905లో మహిళా ఇన్‌స్పెక్టర్లు తిరిగి చూసి, ఈ చదువు వల్ల అంత చిన్న పిల్లలకి ఒరిగేదేమీ లేదని నివేదిక ఇచ్చారు. ప్రభుత్వం ఏం చేసింది? పద్ధతి మార్చడం కన్నా తేలికైన పని చేసింది. ఐదేళ్ల లోపు వాళ్లని చేర్చుకోవాలో వద్దో స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేసింది. రెండు దశాబ్దాల్లో ఆ 43 శాతం సగం కన్నా కిందికి దిగిపోయింది. బెంచీల బాధ తప్పింది సరే, మరి ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? పేదవాడల్లో దానికి జవాబు ఒకటే: వీధి.

మార్గరెట్ మెక్‌మిలన్, ఆమె అక్క రేచెల్ అడుగుపెట్టింది ఈ ఖాళీలోకే. 1910లో లండన్ ఓడరేవుల పక్కనున్న డెట్‌ఫర్డ్‌లో పిల్లల వైద్యశాల పెట్టారు. నయమై వెళ్లిన పిల్లలు అవే జబ్బులతో తిరిగొచ్చేవారు. లోపం మందులో లేదు, ఇరుకు గదుల్లో ఉంది. అందుకని 1911లో పిల్లలు ఆరుబయట పడుకునే శిబిరం, 1914లో ఆరుబయటి నర్సరీ. ఒక పక్క తెరిచి ఉన్న షెడ్లు, స్నానాలు, వేళకి తిండి, మధ్యాహ్నం నిద్ర. చుట్టూ తోట: కూరగాయలు, వాసన మొక్కలు, ఇసుక. ఓ మూల రాళ్లు, డబ్బాలు పోసిన చెత్తకుప్ప కూడా, పిల్లలు ఆడుకోడానికే. 1917లో రేచెల్ చనిపోయినా మార్గరెట్ ఆపలేదు. 1918 చట్టం నర్సరీ బడులకి ప్రభుత్వ సాయం అందే దారి తెరిచింది.

ఇక్కడ నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం ఐదేళ్లకి బడి తప్పనిసరి. మార్గరెట్ మాత్రం పిల్లల్ని ఏడేళ్ల దాకా నర్సరీలోనే ఉంచాలని వాదించింది. ఆమె లెక్కలో నర్సరీ అంటే పెద్ద బడికి వెయిటింగ్ రూమ్ కాదు. పెద్ద బడే కాస్త ఆగాలి.

ఇప్పటి ఇంగ్లండ్‌లో సమ్మర్ టర్మ్ అంటే ఈస్టర్ సెలవుల తర్వాత మొదలై జూలైలో ముగిసేది. వసంతంలో నాటిన చిక్కుడు జూలైకి కాతకొస్తుంది. నర్సరీల్లో కాయలు కోయడం, పొద్దుతిరుగుడు ఎంత ఎత్తు పెరిగిందో కొలవడం, నీళ్లాటలు, సెప్టెంబరులో వెళ్లబోయే కొత్త క్లాసుని ఓసారి చూసి రావడం, అన్నీ ఆ వారాల్లోనే. ఫ్రోబెల్ మడి ఇంకా బతికే ఉందన్నమాట. దాని పక్కనే ఇంకోటీ ఉంది. నర్సరీ తర్వాతి ఏడాది, అంటే రిసెప్షన్ క్లాసు చివర, ఒక్కో పిల్లనీ 17 లక్ష్యాల మీద అంచనా వేసి జూన్ 30 లోపు నమోదు చెయ్యాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలిసిన వాసన: రిలీజ్‌కి ముందు చెక్‌లిస్ట్. వెక్కిరించడం తేలికే గానీ, మాట రాని పిల్ల, వినికిడి లోపమున్న పిల్ల ఎవరి కంటా పడకుండా జారిపోకూడదంటే ఏదో ఒక జాబితా ఉండాలి. చిక్కల్లా జాబితాలో ఉన్నదే పాఠమైపోవడంతో వస్తుంది.

మన దగ్గర? 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా అంతకు ముందు ప్లీడరు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీకి వెళ్లి, బడికి రాలేని పిల్లల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లారు. అంగన్‌వాడీ అనే ఆలోచన అక్కడిది. మన చెవికి అందులో 'వాడ' వినిపిస్తుంది గానీ, మరాఠీలో వాడీ అంటే తోట కూడా. అంగన్ అంటే వాకిలి. ఫ్రోబెల్ మాట తిరిగి తిరిగి మన వాకిట్లోకే వచ్చింది! 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం ఆ పేరుని ఊరూరికీ చేర్చింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది. మార్గరెట్ అడిగింది ఇంచుమించు అదే.

కాగితం మీద సరే. మన నగరాల్లో యూకేజీ ఎలా ముగుస్తుందో చూడండి. మార్చిలో 'గ్రాడ్యుయేషన్ డే'. ఐదేళ్ల పిల్లలకి నల్ల గౌను, నెత్తిన పలక టోపీ, చేతిలో చుట్టిన కాగితం. ఫొటో బాగా వస్తుంది, కాదనను. కానీ అది చెప్పే మాటేంటి? ఒక చదువు పూర్తయింది, ఇక తర్వాతి పోటీకి పద అని. అప్పటికే ఆ పిల్ల రెండేళ్లు నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్ది ఉంటుంది.

వేసవి టర్మ్ అనేది మనకి కుదరదు. మన వేసవికి బడులు మూతపడతాయి. తెరిచేది జూన్‌లో, సరిగ్గా ఏరువాక రోజుల్లో. అప్పుడు నాటిన చిక్కుడుపాదు చలికాలానికి కాస్తుంది, గుమ్మడి సంక్రాంతికి అందుతుంది. ఇంగ్లండ్ క్యాలెండరు కన్నా మన బడి క్యాలెండరే తోటకి ఎక్కువ అనుకూలం. మడి లేకపోతే పాత బకెట్ చాలు. చివరి రోజున పిల్ల ఇంటికి గౌను ఫొటోతో వస్తే బాగుందంటాం, మర్చిపోతాం. గుప్పెడు చిక్కుడుకాయలతో వస్తే ఆ పూటకి కూర వండాల్సిందే.